సమస్యాపూరణం: గెలిచినట్టి సేన తొలఁగి పోయె

నిర్వాహకులు:
ఈ వారం ఇచ్చిన పాదం ఆటవెలదిలో నాలుగోది. అంశం 1919 నాటి స్లొవాక్ సోవియట్ రిపబ్లిక్. గెలుపూ వెనకడుగూ ఒకే పాదంలో ఇమిడాయి. విడదీయడానికి కల్పన అక్కర్లేదు, చరిత్రలో జరిగిందే.

ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యం కూలాక, శతాబ్దాలుగా హంగేరీ ఏలుబడిలో ఉన్న స్లొవాకియా కొత్త చెకొస్లొవేకియాలో చేరింది. సరిహద్దు మాత్రం తేలలేదు. 1919 మార్చి 21న బుడాపెస్ట్‌లో బేలా కూన్ కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చింది. దాని ఎర్రసైన్యం ఉత్తరానికి దూసుకుపోయి జూన్ 6న తూర్పు స్లొవాకియాలోని కొషిత్సె నగరంలో ప్రవేశించింది. 16న ప్రెషోవ్ పట్టణంలో స్లొవాక్ సోవియట్ రిపబ్లిక్‌ను ప్రకటించారు. దానికి అధ్యక్షుడైన యనౌషెక్ చెక్ పాత్రికేయుడు. కర్మాగారాలు, పెద్ద జమీలు ప్రజల సొత్తన్నారు. కానీ అంతకు ముందే పారిస్ శాంతి సదస్సు అధ్యక్షుడు, ఫ్రాన్స్ ప్రధాని క్లెమెన్సో నుంచి తాఖీదు వచ్చింది: ఉత్తరాన మీ సేన వెనక్కి తగ్గితే, తూర్పున తిసా నది దాకా వచ్చిన రుమేనియా సేనా తగ్గుతుందని. కూన్ ఒప్పుకున్నాడు. జూన్ 30న తిరుగుముఖం పట్టారు. జూలై 7 నాటికి రిపబ్లిక్ లేదు.

నా షరతు ఒకటే. ఎందుకు తొలగిందో పద్యమే చెప్పాలి.

గుంటూరు మాస్టారు:

పారిసు నగరానఁ బత్రమ్ము వ్రాసిరి
నదికిఁ దూర్పు వదలి నడతు రనుచు
మాట నమ్మి కూను మడమనుఁ దిప్పఁగా
గెలిచినట్టి సేన తొలఁగి పోయె

నిర్వాహకులు:
మాస్టారూ, మూడో పాదం అద్భుతం. కారణం అక్కడే ఉంది. అయితే రెండో పాదంలో నడిచేదెవరు? ఏ నది? చరిత్ర తెలియనివారికి అందదు. ఇలా మారిస్తే?

తిస రుమేనియ విడి తిరుగు ననెడి

"అనెడి మాట నమ్మి" అని కింది పాదంతో అన్వయమూ కుదురుతుంది.

గుంటూరు మాస్టారు:
సవరణ శిరోధార్యం. రుమేనియా కదలనేలేదు కదా! ఆ కోపంతోనే రాశాను. జూలైలో కూన్ తిసా దాటి దాడి చేసి ఓడాడు, ఆగస్టు 1న గద్దె దిగాడు, కొద్ది రోజుల్లోనే రుమేనియా సేన బుడాపెస్ట్‌లో దిగింది.

ఖమ్మం అక్కయ్య:

నిన్న నిలిపినట్టి నెత్తుటి జెండాకు
నీడ యిచ్చు వారు లేక పోవ
మూఁడు వారములకె ముగిసెను రాజ్యమ్ము
గెలిచినట్టి సేన తొలఁగి పోయె

గుంటూరు మాస్టారు:
అమ్మా, రెండో పాదంలో యతి తప్పింది. నీ-లే కుదరవు. "నీడ యిచ్చు వాఁడు నేఁడు లేఁడు" అంటే యతీ కుదురుతుంది, బాధా చిక్కనవుతుంది.

నిర్వాహకులు:
ఈ పద్యంలో నాకు నచ్చింది చూపు. పక్కదేశపు సేన నీడలో నిలిచిన రాజ్యం, ఆ సేన వెళ్లగానే పడిపోయింది. స్లొవాక్ పల్లెల్లో వేళ్లూనడానికి దానికి వ్యవధే దక్కలేదు. కాకపోతే ఎందుకు తొలగిందన్నది ఇందులో లేదు. షరతు ప్రకారం మార్కు తగ్గుతుంది అక్కయ్యా.

కాకినాడ మిత్రుడు:

పదవి వదలి పోయెఁ బాపము స్ట్రోంఫెల్డు
కత్తి గెలుచుకొన్న గడ్డ నెల్ల
కలము చేతఁ దిరిగి కాజేసెఁ బారిసు
గెలిచినట్టి సేన తొలఁగి పోయె

సేనాధ్యక్షుడి పక్కన వ్యూహమంతా నడిపినవాడు స్ట్రోంఫెల్డ్. పాత సామ్రాజ్య సైన్యపు అధికారి. గెలిచిన నేల వదలమంటే ఇమడలేక రాజీనామా చేశాడు. చాలామంది సైనికులు పోరాడింది విప్లవం కోసమే కాదు, పోయిన నేల కోసం కూడా.

ఖమ్మం అక్కయ్య:
తమ్ముడూ, ధార బాగుంది. "కాజేసె" మాత్రం ఒప్పుకోను. 1918 అక్టోబరు 30నే స్లొవాక్ నాయకులు మార్టిన్ పట్టణంలో చేరి, చెక్‌లతోనే ఉంటామని ప్రకటించారు. ఆ గడ్డ మీద మాట వాళ్లకూ ఉంది. కత్తి గెలుచుకున్నంత మాత్రాన సొంతమవుతుందా?

కాకినాడ మిత్రుడు:
అది సైనికుడి గొంతు అక్కా, తీర్పు కాదు. అతనికి అలాగే తోచి ఉంటుంది.

నిర్వాహకులు:
గొంతు ఎవరిదో పద్యంలో తెలియదు. "కలము చేతఁ దిరిగి కైకొనెఁ బారిసు" అంటే నింద పోతుంది గాని, క-కై యతి నిలుస్తూనే కారణమూ నిలుస్తుంది.

డాలస్ తమ్ముడు:

కష్ష యనెడి వాని కన్నులఁ గన్నీరు
ఇది కొషిత్సె యనెడి యింట వెలుఁగు
ఊరు రెండు పేర్ల నూఁగెడు వేళలో
గెలిచినట్టి సేన తొలఁగి పోయె

హంగేరియన్‌లో ఆ ఊరు కష్ష. అప్పట్లో ఊళ్లో ఆ భాష వాళ్లే ఎక్కువ, చుట్టూ పల్లెల్లో స్లొవాక్‌లు.

ఖమ్మం అక్కయ్య:
నా అభ్యంతరానికి జవాబు ఈ పద్యమే. ఇద్దరినీ చూశావు నాయనా.

నిర్వాహకులు:
కారణం సూటిగా లేకపోయినా, ఆ తొలగడం ఎవరికి ఏమైందో ఉంది. ఈ వారం మొదటి స్థానం దీనికే. ఒక్క చిన్న సవరణ: జర్మన్ వాళ్లకు ఆ ఊరు కషావు. కనుక "ఊరు మూఁడు పేర్ల" అనండి, గణం చెడదు.