గ్యారేజీ కప్పుకు గ్యాస్ హీటర్ వేలాడదీయడం గురించి

ప్రశ్న:
మేము మిన్నెసోటాలో ఉంటున్నాము. చలికాలంలోనూ చెక్కపని చేసుకోవాలని, మా గ్యారేజీ కప్పుకు 45,000 బీటీయూ (వేడి సామర్థ్యపు కొలత) గ్యాస్ ఫ్యాను హీటరును వేలాడదీయించదలిచాను. బరువు సుమారు 60 పౌండ్లు. పైన 24 అంగుళాల ఎడంతో చెక్క ట్రస్సులు (పైకప్పును మోసే చట్రాలు), వాటి అడుగున జిప్సం పలకలు ఉన్నాయి. బ్రాకెట్ల రంధ్రాలు ట్రస్సుల ఎడానికి కుదరడం లేదు. పలకకే యాంకర్లు (పలకలో పట్టుకునే బిగింపులు) వేస్తే చాలునని ఒక మిత్రుడు అంటున్నారు. తెలిసినవారు సలహా ఇవ్వగలరు.

సమాధానం:
దయచేసి ఆ పని చేయకండి. ఫ్యాను తిరిగినంతసేపూ అదిరే యంత్రాన్ని జిప్సం పలక ఏళ్ల తరబడి మోయలేదు. బరువు ట్రస్సులకే చేరాలి. అయితే ట్రస్సు అడుగు వాసాన్ని సాధారణంగా పలకలకు, ఇన్సులేషన్‌కు సరిపడే బరువుకే లెక్క కడతారు కనుక, ముందు ట్రస్సు డ్రాయింగును స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించి, ఈ అదనపు బరువుకు ఒప్పుదల తీసుకోండి. ఎడం కుదరకపోవడానికి మార్గం ఉంది. అటక మీదికి ఎక్కి, రెండు మూడు ట్రస్సుల మీదుగా అడ్డంగా స్టీలు ఛానెల్ (గాడి ఉన్న ఉక్కు పట్టీ) పరిచి బిగిస్తే, బరువు ఒక్క వాసం మీదే పడకుండా వాటన్నిటికీ పంచుతుంది. హీటరును వేలాడదీసే మరల రాడ్లను కూడా మీకు కావలసిన చోట దించుకోవచ్చు. రాడ్డుకు వెడల్పాటి వాషరు వేసి, నట్టు మీద మరో నట్టు బిగించాలి, ఎందుకంటే అదురుకు ఒంటి నట్టు క్రమంగా వదులవుతుంది. ఇంజినీరు అనుమతి లేనిదే వాసానికి గాటు పెట్టవద్దు, పెద్ద రంధ్రం చేయవద్దు.

మరో సమాధానం:
నేను గ్యాస్ లైన్ల పని చేస్తాను. హీటరు బరువులో కొంచెమైనా గ్యాస్ పైపు మీద పడకూడదు. హీటరును వేలాడదీసి, మట్టం సరిచూసిన తరువాతే పైపు కలపాలి, ఆ పైపును విడిగా క్లాంపులతో కప్పుకు పట్టించాలి. హీటరు దగ్గరే చేతికందేలా షట్-ఆఫ్ వాల్వు ఉండాలి. చెక్కకు, పలకకు ఎంత ఖాళీ వదలాలో హీటరు మీది రేటింగ్ ప్లేటులో ఉంటుంది. ఆ ఖాళీని గ్యారేజీ తలుపు పూర్తిగా పైకెత్తి ఉన్నప్పుడు కొలవండి. చాలామంది తలుపు మూసి కొలుస్తారు, తీరా తెరిచేసరికి అది హీటరు పక్కకే వచ్చి ఆగుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. రాడ్లకు బదులు గొలుసులు వాడవచ్చునా?

సమాధానం:
గొలుసులు పొడవైన ఇన్‌ఫ్రారెడ్ ట్యూబ్ హీటర్లకు తగినవి. వేడికి ట్యూబు సాగుతుంది కనుక, గొలుసు దానితోపాటు కదులుతుంది. మీ ఫ్యాను హీటరు గొలుసుల మీద ఊగితే పొగగొట్టం అతుకులు లాగుకొని విడిపోవచ్చు, అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ లోపలికే వస్తుంది. తయారీదారు మాన్యువల్ వేరుగా చెప్పకపోతే రాడ్లే వాడండి. నగర పర్మిట్ తీసుకొని, ఇన్‌స్పెక్టర్ చూసి సరేనన్నాకే హీటరు వెలిగించండి.