కాంకున్ నుంచి చిచెన్ ఇట్సా: ఒక్కరోజులో కుదురుతుందా?

ప్రశ్న: అమ్మానాన్నలతో మెక్సికోలోని కాంకున్‌లో ఉంటాం. కారు అద్దెకు తీసుకుని చిచెన్ ఇట్సా (పాత మాయా నగర శిథిలాలు) చూసి రాత్రికి తిరిగి రావాలి. ఎన్నింటికి బయల్దేరాలి? పిరమిడ్ ఎక్కనిస్తారా?

జవాబు 1: హాయిగా కుదురుతుందండీ. దాదాపు 200 కిలోమీటర్లు. 180డి టోల్ రోడ్డు మీద రెండున్నర గంటలు. కాంకున్ టైము చిచెన్ ఇట్సా ఉన్న యుకతాన్ రాష్ట్రం కంటే గంట ముందు. అందుకే కాంకున్ టైము ఉదయం ఆరుకు బయల్దేరితే యుకతాన్ టైము ఏడున్నరకే గేటు దగ్గరుంటారు, తెరిచేది ఎనిమిదికి. టూరు బస్సులు పదింటికల్లా మొదలవుతాయి, ఎండా అప్పుడే ముదురుతుంది. తిరుగు ప్రయాణంలో ఆ గంట పోతుంది, సాయంత్రం ఫ్లైటు పెట్టుకోకండి.

జవాబు 2: ఎక్కనివ్వరు. నాలుగు వైపులా 91 చొప్పున మెట్లు, పైన ఒకటి, వెరసి 365. ఉత్తరం మెట్లకు ఎదురుగా నిలబడి ఒక్క చప్పట్టు కొట్టండి, కిచకిచమని పిట్ట కూతలా తిరిగొస్తుంది. అది తప్పక వినాల్సిందే! టికెట్లు రెండు: రాష్ట్రానిది ఒకటి, కేంద్రానిది ఒకటి. రెండూ ఉంటేనే లోపలికి. పెసోలు నగదుగా ఉంచుకోండి.

జవాబు 3: పెద్దవాళ్లకు టోపీ, నీళ్లు మరవకండి, లోపల నీడ తక్కువ. ఇక్ కిల్ సెనోటె (ఈత కొట్టే సహజమైన నీటి గుంత) మూడు కిలోమీటర్లే. దిగేముందు షవర్‌లో సన్‌స్క్రీన్ కడిగేసుకోవాలి. మెట్లు చాలా ఉన్నాయి, తడిగా జారతాయి. మోకాళ్ల నొప్పులుంటే పైనుంచే చూడొచ్చు.