గ్రంథాలయం గోడ మీద జూదసభ బొమ్మ ఉండాలా, వద్దా?

సత్యనారాయణపురం వాసి:
విజయవాడలో మా కాలనీ గ్రంథాలయం ప్రహరీ మీద భారతకథ బొమ్మలు వేయించాలని కమిటీ తీర్మానించింది. లక్క ఇల్లు, మత్స్యయంత్రం, రాయబారం, వీటి మీద ఎవరికీ అభ్యంతరం లేదు. జూదసభ దగ్గరికి వచ్చేసరికి సమావేశం రెండుగా చీలింది. పక్కనే బడి ఉంది, పిల్లలు రోజూ ఆ దారినే వెళ్తారు, పాచికల బొమ్మ వాళ్ల కళ్లెదుట పెట్టడం తగదని ఒక వర్గం. జూదం తీసేస్తే భారతంలో అడవులూ లేవు, యుద్ధమూ లేదని రెండో వర్గం. నేను రెండో వైపున ఉన్నాను. మీ అభిప్రాయం కారణాలతో సహా చెప్పండి.

కృష్ణలంక గృహిణి:
నేను వద్దనే అంటాను. మా మరిది ఫోనులో రమ్మీ ఆడి, స్థలం కొనడానికి దాచిన సొమ్మంతా పోగొట్టాడు. మా అత్తగారి గాజులు ఇప్పటికీ తాకట్టులోనే ఉన్నాయి. అతన్ని మొదట లాగింది ప్రకటనలోని బొమ్మే. నోట్ల కట్టలు, నవ్వుతున్న ముఖాలు, మీరు కూడా గెలవవచ్చని ఒక వేలు చూపించడం. కాబట్టి బొమ్మ ఏం చేస్తుందిలే అని నాతో అనకండి. సంక్రాంతి వస్తే కోడిపందేల బరుల పక్కన గుండాట బోర్డులు, కోతముక్క శిబిరాలు పిల్లలు ఎలాగూ చూస్తున్నారు. చదువుకునే చోట గోడ మీద కూడా ఎందుకు?

డ్రాయింగు మాస్టారు:
అమ్మా, మీ బాధ అర్థమైంది. బొమ్మకు బలముందన్న మీ మాటతోనే మొదలుపెడతాను. ఆ బలాన్ని పాత చిత్రకారులు ఎటు తిప్పారో చూడండి.

మధ్యప్రదేశ్‌లోని భార్హుత్ బౌద్ధ స్తూపం శిల్పాల్లో జూదగాళ్ల ఫలకం ఒకటుంది. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దం నాటిది. ఒక బండ మీద గళ్లు గీసుకుని మనుషులు ఆడుతున్నారు. వాళ్లు కూర్చున్న ఆ బండే నిలువునా చీలిపోయింది, ఒకవైపు కూర్చున్నవాళ్లు కిందికి ఒరిగిపోతున్నారు. గళ్లు స్పష్టంగా కనిపిస్తాయి, చీలికా అంతే స్పష్టంగా కనిపిస్తుంది. ఎవరూ పక్కన నిలబడి ఉపన్యాసం ఇవ్వక్కరలేదు.

ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో 1594 ప్రాంతంలో పేకాట మోసగాళ్లను చిత్రించాడు. ఒక అమాయకపు కుర్రవాడు తన ముక్కలు చూసుకుంటూ ఉంటాడు. వెనకనుంచి ఒకడు ఆ ముక్కలు చూసి వేళ్లతో సైగ చేస్తాడు. ఆ సైగ చేసే చేతి తొడుగు చూడండి, వేళ్ల చివర్లు చిరిగి ఉంటాయి. ఎదుటివాడు నడుము వెనక దాచిన ముక్కను లాగుతుంటాడు. కుర్రవాడికి తప్ప బొమ్మ చూసే మనకు అంతా తెలుస్తుంది. మోసం ఎలా జరుగుతుందో పిల్లలకు చూపడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు కనిపించలేదు. మీ మరిది చూసిన ప్రకటనలో ఈ వెనక చెయ్యి లేదు. దాన్ని దాచడమే ఆ ప్రకటన పని.

బ్రాడీపేట:
గుంటూరు నుంచి రాస్తున్నాను. మాస్టారూ, మీరు మీ వాదానికి పనికొచ్చే బొమ్మలే ఎంచుకున్నారు. కళ అంతా జూదాన్ని ఖండించలేదు. ఎక్సేకియాస్ అనే గ్రీకు కుమ్మరి, క్రీస్తుపూర్వం 540–530 మధ్య, ఒక జాడీ మీద అకిలీస్, అజాక్స్ అనే ఇద్దరు ట్రాయ్ యుద్ధ వీరులు ఆడుతున్నట్టు చిత్రించాడు. వాటికన్‌లో ఉంది. చేతుల్లో ఈటెలు అలాగే ఉన్నాయి, ఇద్దరూ ముందుకు వంగి ఆటలో మునిగిపోయారు. ఒకరి నోటి దగ్గర ‘నాలుగు’, మరొకరి నోటి దగ్గర ‘మూడు’ అని రాసి ఉంటుంది. పాచికల్లో పడిన లెక్క అన్నమాట. అందులో నింద లేదు, హెచ్చరిక లేదు, యుద్ధం మధ్య దొరికిన కాస్త తీరిక ఉంది.

మన దగ్గరికే రండి. ఎల్లోరా 21వ గుహలో శివపార్వతులు పాచికలాడుతుంటారు, కింద ప్రమథగణాలు నందిని ఆటపట్టిస్తుంటాయి. తిరుమలలో హాథీరాం బావాజీతో స్వామి స్వయంగా పాచికలాడాడన్న కథకు పటాలు కట్టి ఇళ్లలో పెట్టుకున్నాం. ఆ పటాలన్నీ దించేద్దామా? జూదసభ బొమ్మ వేయండి. కానీ దాన్ని పొగతాగరాదు అనే బోర్డులా మార్చి వేయకండి. చిత్రకారుడికి అది అవమానం.

కృష్ణలంక గృహిణి:
ఎవరు ఓడినా బావాజీ ఇల్లు వేలానికి రాలేదు కదా. దేవుళ్ల ఆటలో పోయేది లేదు. మా ఇంట్లో పోయింది.

మాస్టారూ, మీరు చెప్పిన మోసగాళ్ల బొమ్మను డెల్ మాంటే అనే కార్డినల్ కొన్నాడని చదివాను. మతపెద్ద భవనంలో వేలాడినంత మాత్రాన రోమ్‌లో పేకాట తగ్గిందా? చూసినవాళ్లు చిత్రకారుడి పనితనాన్ని మెచ్చుకుని ఉంటారు. హెచ్చరికే కావాలంటే మాటలున్నాయి. ఋగ్వేదం పదో మండలం 34వ సూక్తం నిండా జూదరి మొరే. అత్త అసహ్యించుకుంటుంది, భార్య దూరం పెడుతుంది, తల్లి ఏడుస్తుంది, పాచికలు మాని పొలం దున్నుకోమని ఆ సూక్తమే చెబుతుంది. దాన్ని తెలుగులో రాయించి గ్రంథాలయం లోపల పెట్టండి.

పటమట న్యాయవాది:
చట్టం గురించి రెండు మాటలు. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది. మన రాష్ట్రం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ రమ్మీని కూడా అడ్డుకుంది. 2025లో కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలతోపాటు వాటి ప్రకటనలనూ నిషేధించింది. జూదానికి పిలిచే బొమ్మ వేరు, జూదాన్ని చూపే బొమ్మ వేరు. భారతకథ బొమ్మకు ఈ చట్టాలతో చిక్కు లేదు.

డ్రాయింగు మాస్టారు:
ఒక్క బొమ్మ ఊరి జూదం మాన్పిస్తుందని నేను అనలేదు. బడి పాఠం కూడా ఒక్కరోజులో ఎవరినీ మార్చదు, అయినా చెబుతూనే ఉన్నాం.

అసలు సమస్య ఏ ఘట్టం వేయాలన్నది. కాలెండర్లలో చూసే జూదసభ నిండా శకుని చెయ్యీ, ఎగిరే పాచికలే. నేను ఆ క్షణాన్ని వేయను. సభాపర్వం తెలుగు చేసినవాడు నన్నయ. అందులో ఆట ముగిశాక జరిగేదే నన్ను కదిలిస్తుంది. ధర్మరాజు మొదట తనను తాను ఓడాడా, నన్ను ఓడాడా అని ద్రౌపది నిలదీస్తుంది. భీష్ముడు, ద్రోణుడు అంతటివాళ్లు ఉన్న సభలో ఆమె పక్షాన గొంతెత్తింది వికర్ణుడు, దుర్యోధనుడి తమ్ముడు. గోడ మధ్యలో ద్రౌపది, లేచి నిలబడిన వికర్ణుడు, తలలు దించుకున్న పెద్దలు. పాచికలు నేల మీద ఓ మూల, చిన్నవిగా.

బ్రాడీపేట:
అక్కడే మీతో విభేదిస్తాను. పాచికలను మూలకు తోస్తే ఆ మనిషి ఎందుకు ఆగలేకపోయాడో బొమ్మ చెప్పదు. ధనం పోయింది, రాజ్యం పోయింది, నకులుడితో మొదలుపెట్టి తమ్ముళ్లు నలుగురూ పోయారు, తానూ పోయాడు. అయినా ఇంకో పందెం ఒడ్డాడు. ఆ చివరి పందేనికి ముందు ధర్మరాజు ముఖం వేయండి. కృష్ణలంక గారి మరిదిలాంటివాళ్లు తమను తాము పోల్చుకునేది ఆ ముఖంలోనే.

కృష్ణలంక గృహిణి:
ఈ మాట నాకు నచ్చింది. మా మరిది ముఖం నేను చూశాను, రాత్రి రెండింటికి, ఫోను వెలుగులో. అందులో నవ్వు లేదు. ఆ ముఖం వేయగలిగితే వేయండి, అప్పుడు అడ్డు చెప్పను. శకుని నవ్వును మాత్రం పెద్దది చేయకండి. ఇంకొకటి, గోడ ఎత్తు ఎంతో నాకు తెలియదు, పదేళ్ల పిల్లవాడు నిలబడితే వాడి కంటికి ఎదురుగా ఏముంటుందో ముందు కొలవండి. పైన ద్రౌపది, కింద వాడి ఎదుట పాచికలు ఉంటే మీ వాదమంతా వృథా.

సత్యనారాయణపురం వాసి:
ప్రహరీ ఆరడుగులు. పిల్లల కంటి ఎత్తు సంగతి సమావేశంలో ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తుతాను. మాస్టారూ, వికర్ణుడి ఘట్టం ఒకటి, ధర్మరాజు ముఖం ఒకటి, రెండూ పెన్సిలుతో గీసి పంపండి. నా ఓటు రెండోదానికి. కృష్ణలంక గారూ, కమిటీ తుది నిర్ణయం తీసుకునే రోజు మీరు వచ్చి మాట్లాడాలి. తేదీ ఇక్కడే రాస్తాను.