మొదటి కాన్పు, నొప్పులంటే భయం

కూకట్‌పల్లి కోడలు: ఎనిమిదో నెల నడుస్తోంది. అమ్మేమో "అందరూ కనట్లేదా" అంటుంది, ఆడపడుచు "ప్రాణం పోయినంత పనైంది" అంటుంది. రాత్రిళ్లు నిద్ర లేదు, ఒకటే టెన్షన్. ఎపిడ్యూరల్ (కాన్పు నొప్పి తగ్గడానికి నడుములో ఇచ్చే మత్తు సూది) తీసుకుంటే జీవితాంతం నడుము నొప్పేనట, నిజమేనా అక్కా?

మలక్‌పేట అక్క: అబద్ధం చెప్పను, నొప్పి గట్టిగానే ఉంటుందమ్మా. నాకు నడుములో మొదలై పొత్తికడుపులోకి దిగేది. నిమిషం పాటు బిగబట్టి వదిలేసేది. ఆ మధ్యలో దొరికే విరామం గురించి మాత్రం ఎవరూ చెప్పరు! పడుకుంటే నాకు ఎక్కువయ్యేది. వరండాలో నడుస్తూ, నొప్పి రాగానే కిటికీ ఊచలు పట్టుకుని ముందుకు వంగేదాన్ని. మా అత్తయ్య అరచేత్తో నడుము కింద నొక్కి పట్టేది. మామూలుగా మా ఇద్దరికీ అంతగా పడదు, అది వేరే కథ.

నర్సు వదిన: ఎపిడ్యూరల్ వల్ల ఎప్పటికీ ఉండే నడుము నొప్పి రాదు. సూది గుచ్చిన చోట కొన్నాళ్లు సలుపు ఉండొచ్చు. బీపీ తగ్గొచ్చు కాబట్టి కనిపెట్టుకుని ఉంటారు. మందు పనిచేయడానికి దాదాపు 20 నిమిషాలు పడుతుంది. రాత్రిపూట మత్తు డాక్టర్ ఉంటారో లేదో ఇప్పుడే అడిగి పెట్టుకో.

ఉప్పల్ పిన్ని: ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలిక తగ్గినా నొప్పుల కోసం చూడకు. వెంటనే బయల్దేరు.