వాటర్ మీటరు బిల్లు ఉన్నట్టుండి ఏడు రెట్లు వచ్చింది. ఎక్కడ నుంచి వెతకాలి?

దర్గామిట్ట ఇల్లాలు:

నెల్లూరు దర్గామిట్టలో అపార్ట్‌మెంటు మాది. నేను, మావారు, అత్తగారు, ఇంటర్ చదువుతున్న అబ్బాయి, మొత్తం నలుగురం. ఎండాకాలం బోరు అడుగంటి ట్యాంకర్లు తెప్పించాల్సి వస్తోందని రెండేళ్ల కిందట అసోసియేషన్ వాళ్లు ఒక్కో ఫ్లాటుకు ఒక్కో మీటరు బిగించారు. ఎవరు వాడుకున్నది వాళ్లు కట్టుకోవాలన్న ఆ నిర్ణయానికి నేనూ ఒప్పుకున్నాను. ఇప్పటికీ అదే న్యాయమంటాను.

మొదటి 15 వేల లీటర్లకు వెయ్యికి 25 రూపాయలు, ఆపైన 25 వేల దాకా వెయ్యికి 50, అది కూడా దాటితే వెయ్యికి 100. మాకు ఎప్పుడూ 14 వేలకు అటూ ఇటూగా, 350 రూపాయలు వచ్చేది. ఈసారి 41 వేల లీటర్లు అని రాసి 2,475 రూపాయల చీటీ చేతిలో పెట్టారు.

డబ్బు సంగతి అలా ఉంచండి. సమావేశంలో ఒకాయన అందరి ముందూ "పెద్దవాళ్లున్న ఇల్లు కదమ్మా, కొళాయి కట్టేయడం మరిచిపోతుంటారు" అన్నారు. మా అత్తగారిది ఉదయగిరి వైపు మెట్ట పల్లె. బిందెడు నీళ్ల కోసం మైళ్లు నడిచిన మనిషి. బియ్యం కడిగిన నీళ్లు కూడా పారబోయనివ్వరు, మల్లె కుండీలో పోస్తారు. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి స్నానానికి అర బకెట్టే పట్టుకుంటున్నారు. ఈ ఎండల్లో, ఆ వయసులో! నాకు చూడబుద్ధి కావడం లేదు. ఆ నీళ్లు ఎటు పోయాయో తేల్చి కమిటీ ముందు పెట్టాలి.

కొళాయిలేవీ కారడం లేదు. గోడలకు చెమ్మ లేదు. కింది ఫ్లాటువాళ్లు కూడా ఏమీ అనలేదు. ఇంకో సంగతి, అంతకు ముందు నెల వాచ్‌మన్ ఊరెళ్లడంతో రీడింగ్ తీయలేదు. ఆ నెల చీటీలో "సగటు" అని రాసి 14 వేలు వేశారు. మీటరు చెడిందా, లెక్క తప్పిందా, నిజంగానే నీళ్లు పోతున్నాయా? ముందు ఏది చూడాలి?

కావలి రామం:

అది గాలి పనే అయి ఉంటుంది. రోజు విడిచి రోజు నీళ్లొచ్చే లైనుకు మీటరుంటే, నీళ్లకు ముందు గాలి తన్నుకొస్తుంది, మీటరు గిర్రున తిరుగుతుంది. పైగా పాతబడ్డ మీటర్లు ఎక్కువ చూపిస్తాయి. కొత్త మీటరు వేయమని పట్టుబట్టండి.

వేదాయపాలెం ప్లంబర్:

అమ్మా, ఇరవై ఏళ్లుగా పైపుల పనిలో ఉన్నాను, నా మాట వినండి. ఇప్పుడే మీటరు మార్చమని అడగకండి. మారిస్తే పాత రీడింగుతో పాటు మీ ఆధారం కూడా పోతుంది.

రామం గారు చెప్పిన గాలి నిజమే, కానీ అది వీధి లైను మీద ఉన్న మీటరుకు. మీ నీళ్లు పై ట్యాంకు నుంచి దిగుతాయి. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయి మళ్లీ నిండినప్పుడు తప్ప ఆ పైపులో గాలి ఉండదు, ఉన్నా 27 వేల లీటర్ల తేడా రాదు. ఇక ముళ్లూ చక్రాలూ ఉన్న మీటరు అరిగేకొద్దీ సాధారణంగా తక్కువ చూపిస్తుంది, ఎక్కువ కాదు.

ముందుగా మీరే డక్టు (పైపులు దిగే సందు) దగ్గరికి వెళ్లి మీటరు ఫోటో తీయండి. నల్ల అంకెలు ఘనపు మీటర్లు, ఒక్కో అంకె వెయ్యి లీటర్లు. ఎర్రవి అందులో భాగాలు. ఎర్ర అంకెను కూడా కలిపి రాసిన చీటీలు నేను చూశాను. ఆ తర్వాత ఇంట్లో ఒక్క కొళాయి తిప్పి ఉంచి, డక్టులో ఏ మీటరు తిరుగుతోందో చూడండి. పక్కింటి మీటరు మీ పేరున, మీది వాళ్ల పేరున నడుస్తున్న అపార్ట్‌మెంట్లు మన ఊళ్లోనే ఉన్నాయి. మీటర్లు కొత్తగా బిగించిన చోట ఇది మరీ ఎక్కువ.

ఈ రెండూ సరిగ్గా ఉంటే రాత్రి అందరూ పడుకునే ముందు అన్ని కొళాయిలూ కట్టేసి మళ్లీ మీటరు చూడండి. అంకెల పక్కన నక్షత్రంలాంటి చిన్న చక్రం ఉంటుంది. చాలా కొద్ది నీళ్లు పోతున్నా అది కదులుతుంది. కదిలితే ఫ్లాటులోకి వచ్చే వాల్వు కట్టేయండి. ఆగిందా, తప్పు ఇంట్లో ఉంది. ఆగలేదా, మీటరుకూ వాల్వుకూ మధ్య పైపులో ఉంది, లేదా అక్కడ ఇంకెవరి పైపో కలిసింది. అప్పుడు అది కమిటీ చూసుకోవాల్సిన పని.

నాకు మాత్రం ఇంట్లోనే అనిపిస్తోంది. లెక్క చూడండి. ఒక నెల రీడింగ్ తీయలేదు కాబట్టి ఈ 41 వేలు ఒక్క నెలవి కావు. సగటు వేసిన 14 వేలు కలిపితే రెండు నెలలకు 55 వేలు. మీ మామూలు వాడకం 28 వేలు తీసేస్తే 27 వేలు అదనం. అరవై రోజులకు పంచితే రోజుకు 450 లీటర్లు, నిమిషానికి 300 మిల్లీలీటర్ల పైమాటే. సెకనుకు ఒక చుక్క కారే కొళాయి రోజంతా కారినా 20 లీటర్ల దరిదాపుల్లోనే పోతాయి. కాబట్టి కొళాయిల వెంట పడకండి. మీది చప్పుడు లేకుండా రాత్రింబగళ్లు డ్రైనేజీలోకి పోయే సన్నటి ధార. గోడ తడవదు, కింది ఇంటికి కారదు.

అలా పోయే చోట్లు సాధారణంగా రెండు. ఒకటి ఫ్లష్ ట్యాంకు. బట్టలకు వాడే నీలిమందు అందులో కొంచెం కలిపి, అరగంట ఎవరూ ఫ్లష్ నొక్కకుండా ఉండండి. కమోడ్‌లోకి నీలం దిగితే అడుగున రబ్బరు వాషరు పోయినట్టే. రెండోది, మంచినీళ్ల ఆర్‌ఓ మిషను. దాని వృథా నీళ్ల గొట్టం సింకు కింద డ్రైనేజీలోకి దూర్చేస్తారు, ఎవరి కంటా పడదు. లోపల కరెంటుతో నీళ్లను ఆపే సోలెనాయిడ్ వాల్వు మూసుకోకపోతే, ట్యాంకు నిండినా ఆ గొట్టం నుంచి పోతూనే ఉంటుంది.

పెద్దావిడను నిండు బకెట్టు పెట్టుకుని స్నానం చేయమనండి. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అని ప్రభుత్వ ప్రమాణమే ఉంది. నలుగురికి నెలకు 16 వేలు దాటుతుంది. మీరు వాడే 14 వేలు అంతకంటే తక్కువ.

ఒంగోలు కోశాధికారి:

మేడమ్, నేను ఒంగోలు లాయర్‌పేటలో మా అపార్ట్‌మెంటు లెక్కలు రాస్తాను. తప్పు ఎక్కడ తేలినా, మీ బిల్లులో శ్లాబుల (వాడకం పెరిగేకొద్దీ మారే రేట్ల) లెక్క మాత్రం సరిచేయించుకోండి. రెండు నెలల వాడకాన్ని ఒక నెలలో వేస్తే 25 వేలు దాటినదంతా 100 రూపాయల శ్లాబులోకి ఎక్కుతుంది. 55 వేలను సమానంగా పంచితే నెలకు 27,500 లీటర్లు. అంటే 375, 500, 250 కలిపి 1,125. రెండు నెలలకు 2,250. మీ దగ్గర వసూలు చేస్తున్నది 350, 2,475 కలిపి 2,825. తేడా 575 రూపాయలు. ఇది ఎవరి దయా కాదు, రీడింగ్ తీయకపోవడం మీ తప్పు కాదు కదా. నోటితో చెప్పకుండా కాగితం మీద రాసి, రెండు చీటీల నకళ్లు, మీటరు ఫోటో జతచేసి కార్యదర్శికి ఇవ్వండి. మా దగ్గర ఎవరైనా ఇలా తెస్తే నేను మారు మాట్లాడకుండా సరిచేస్తాను.

దర్గామిట్ట ఇల్లాలు:

అందరికీ నమస్కారం. మీటరు మాదే, అంకెలూ సరిగ్గానే ఉన్నాయి. రాత్రి చూస్తే ఆ చిన్న చక్రం తిరుగుతూనే ఉంది, వాల్వు కట్టగానే ఆగిపోయింది. సింకు కింద ఆర్‌ఓ గొట్టం బయటికి లాగి కొలత గ్లాసు పెట్టాను. మిషను నిండి ఆకుపచ్చ దీపం వెలుగుతున్నా నిమిషానికి 180 మిల్లీలీటర్లు వచ్చాయి. రోజుకు 260 లీటర్ల దాకా! వెనుక బాత్రూములో నీలిమందు కూడా కమోడ్‌లోకి దిగింది. ప్లంబర్ అన్న వేసిన లెక్కకు ఈ రెండూ సరిపోతున్నాయి.

ఆ గ్లాసు అత్తగారికి చూపించాను. "మరి వాళ్లకెప్పుడు చెబుతావు?" అన్నారు. అర్జీలో 575 రూపాయల సంగతితో పాటు సమావేశంలో అన్న మాట వెనక్కి తీసుకోవాలని కూడా రాశాను. డబ్బు తగ్గించినా తగ్గించకపోయినా ఆ రెండోది వదలను.

ఒక్క సందేహం అన్నా. మా బోరు నీళ్లు ఉప్పన, కాబట్టి ఆర్‌ఓ తీసేయలేం. మిషను బాగు చేశాక వచ్చే వృథా నీళ్లు మల్లె కుండీలకు పోయవచ్చా?

వేదాయపాలెం ప్లంబర్:

వద్దమ్మా. బోరులో ఉన్న ఉప్పు ఆ నీళ్లలో ఇంకా చిక్కబడి ఉంటుంది, నాలుగు రోజుల్లో మట్టి పైన తెల్లగా పేరుకుని మొక్క పాడవుతుంది. గొట్టాన్ని బకెట్టులో పెట్టి బండలు తుడవడానికి, బాత్రూములు కడగడానికి వాడుకోండి. మల్లెకు బియ్యం కడిగిన నీళ్లే పోయండి. మెకానిక్ వచ్చినప్పుడు సోలెనాయిడ్ మార్చిన తర్వాత మిషను నిండేదాకా ఉండమనండి. గొట్టం నుంచి నీళ్లు ఆగడం మీ కళ్లతో చూశాకే డబ్బులివ్వండి.