లాట్వియన్ అంటే అరువు మాటలు కలిసిన లిథువేనియనేనా?

కౌనస్‌లో కోనసీమ

నేను లిథువేనియాలోని కౌనస్ అనే ఊళ్లో మెడిసిన్ చదువుతున్నాను. మా క్లాసులో ఇక్కడివాళ్లు తరచూ అనే మాట ఒకటుంది: "లాట్వియన్లది మా భాషే, జర్మన్ మాటలు కలిపేసుకున్నారంతే." రెండు భాషల పాఠాలూ పక్కపక్కన పెట్టుకుని చదువుతుంటే నాకూ అదే నిజమనిపిస్తోంది. రెండింటిలోనూ సూర్యుడు సౌలే, పగలు దియెనా, తేనె మెదుస్. తోడేలు ఇక్కడ విల్కస్, అక్కడ విల్క్స్.

మరి తేడా ఎక్కడొస్తోంది? 'మరియు' అనడానికి ఇక్కడ 'ఇర్' అంటే అక్కడ 'ఉన్'. అది జర్మన్ల దగ్గర తీసుకున్నదే. గంటకి ఇక్కడ వలందా, అక్కడ స్తుందా, అదీ జర్మనే. స్వేచ్ఛగా ఉన్నవాడు ఇక్కడ లైస్వస్, అక్కడ బ్రీవ్స్, మళ్లీ జర్మనే. కూతురిని లిథువేనియన్లు దుక్తే అంటారు, మన 'దుహిత'కి చుట్టం. లాట్వియన్లు ఆ మాట వదిలేసి జర్మన్ నుంచి వచ్చిన మెయితా అంటారు. కన్నబిడ్డను పిలిచే మాట దాకా అరువు వచ్చిందంటే ఇంకేం మిగిలింది? ఈ అరువంతా తీసేస్తే లాట్వియన్ లిథువేనియన్‌కి ఒక యాస అవుతుందని నా వాదన. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

దౌగవ ఒడ్డు

నేనుండేది లాట్వియా రాజధాని రీగాలో. కాదంటాను. మీ ఉదాహరణలన్నీ సరైనవే, కానీ అరువుతో సంబంధమే లేని మాటలు తీసుకుని చూడండి. వంద: షిమ్తస్, సిమ్త్స్. గుండె: షిర్దిస్, సిర్ద్స్. ప్రాణంతో ఉన్నది: గీవస్, డ్జీవ్స్. ఐదు: పెంకి, పియెట్సి. ప్రతి జతలో మొదటిది లిథువేనియన్, రెండోది లాట్వియన్. ఒక్కటి కూడా జర్మన్ దగ్గరో రష్యన్ దగ్గరో తెచ్చుకున్నది కాదు. అయినా మాట్లాడే వేగంలో వింటే ఒకరిది ఒకరికి అందదు.

దీని వెనక నియమాలున్నాయి. లిథువేనియన్ 'ష' లాట్వియన్‌లో 'స' అయింది. 'ఇ', 'ఎ'ల ముందున్న క, గలు ట్స, డ్జలుగా మారాయి. అచ్చుకీ హల్లుకీ మధ్య నకారం ఉంటే అది పోయి అచ్చే మారింది. కన్నడంవాళ్ల కివి మనకు చెవి, వాళ్ల కెరె మన చెరువు. అక్కడ జరిగినదీ ఇలాంటిదే. చెవి అరువు మాటని ఎవరూ అనరు కదా? తెలుగులోంచి సంస్కృతం, ఉర్దూ మాటలన్నీ తీసేసినా అది కన్నడం అవ్వదు.

పాణిని అభిమాని

దుక్తే-దుహిత, షిమ్తస్-శతం, గీవస్-జీవ. ఇంతకంటే ఏం కావాలండీ? లిథువేనియన్ సంస్కృతానికి సొంత చెల్లెలు. లాట్వియన్ దాని పాడైపోయిన రూపం.

పదవేటగాడు

పాణిని అభిమాని గారూ, పాత రూపం దాచుకున్నంత మాత్రాన ఒక భాష ఇంకోదానికి తల్లి అయిపోదు. ఈ రెండూ తూర్పు బాల్టిక్ అనే ఒకే పాత భాష నుంచి విడిపోయిన తోబుట్టువులు. ధ్వనుల విషయంలో లిథువేనియన్ చాలా వాటిని భద్రంగా ఉంచుకుంది, అది నిజమే. కానీ ప్రతిచోటా కాదు. నీళ్లకి లిథువేనియన్‌లో వందువో, లాట్వియన్‌లో ఊదెన్స్. మన ఉదకాన్ని పక్కన పెట్టి చూడండి, ఎవరిది దగ్గరగా ఉంది? వందువోలో మధ్యన ఉన్న నకారం తర్వాత వచ్చి చేరినది.

ఓరుగల్లు పిల్ల

అందరూ జర్మన్ జర్మన్ అంటున్నరు, లివోనియన్ల ఊసే ఎత్తరేంది అన్నా? లాట్వియా తీరంలో ఉండేవాళ్లు. వాళ్లది ఫిన్నిష్, ఎస్టోనియన్ కుటుంబం, బాల్టిక్ కాదు. ఇల్లు అనే 'మాయా', అబ్బాయి అనే 'పుయికా', కావాలి అనే 'వయగ్' అటువైపు నుంచి లాట్వియన్‌లోకి వచ్చినవే. పుయికాని ఫిన్నిష్ 'పోయికా' పక్కన పెడితే చిన్నపిల్లలైనా పోల్చుకుంటరు. ఆ భాషను తల్లిభాషగా మాట్లాడిన చివరి మనిషి గ్రిజెల్దా క్రిస్తిన్యా 2013లో కెనడాలో పోయింది. ఆ భాష మాటలు మాత్రం రీగాలో రోజూ ప్రతి నోట్లో ఉన్నయి. దాన్ని కల్తీ అంటే నాకు మనసొప్పదు.

అరువు ఒకవైపే నడవలేదు. ఫిన్నిష్‌లో కూతురు 'త్యుతర్', వంతెన 'సిల్తా', ఎండుగడ్డి 'హెయినా'. ఇవన్నీ పూర్వం బాల్టిక్ వాళ్ల దగ్గర తీసుకున్నవే. లాట్వియన్లు పోగొట్టుకున్న ఆ దుక్తేని ఫిన్లాండ్‌వాళ్లు ఇప్పటికీ వాడుకుంటున్నరు.

దౌగవ ఒడ్డు

మంచి మాట గుర్తుచేశావమ్మా. లివోనియన్ల ప్రభావంలో అన్నిటికంటే పెద్దది ఒక మాట కాదు, ఊనిక, అంటే మాటలో ఒక అక్షరాన్ని నొక్కి పలకడం. లిథువేనియన్‌లో ఊనిక ఏ అక్షరం మీద పడుతుందో ముందే చెప్పలేం, ఒకే మాట విభక్తి మారితే ఊనిక కూడా జరుగుతుంది. లాట్వియన్‌లో దాదాపు ఎప్పుడూ మొదటి అక్షరం మీదే. ఇది ఫిన్నిష్ వైపు అలవాటని చాలామంది పండితులు అంటారు. బలమంతా మొదట్లో పడితే చివర నలిగిపోతుంది. విల్కస్ విల్క్స్ అయింది ఇలాగే.

కౌనస్‌లో కోనసీమ

అయితే నా వాదనకే బలం వచ్చింది కదండీ! ఊనిక కూడా బయటి నుంచే వచ్చిందంటే లాట్వియన్‌ని వేరు చేసిందంతా బయటివాళ్లే. చరిత్ర చూసినా అదే కనిపిస్తుంది. 1201లో బిషప్ ఆల్బర్ట్ రీగా కట్టించిన దగ్గర్నుంచి శతాబ్దాల పాటు అక్కడ భూములూ చర్చీలూ జర్మన్ల చేతుల్లోనే ఉన్నాయి. 1689లో లాట్వియన్‌లోకి బైబిల్ వచ్చింది కూడా ఎర్నెస్ట్ గ్లూక్ అనే జర్మన్ పాస్టర్ చేతుల మీదుగానే. లిథువేనియన్లకి సొంత రాజ్యం ఉండేది, అందుకే భాష నిలబడింది.

పదవేటగాడు

రాజ్యం ఉంది కానీ ఆ రాజ్యంలో ప్రభువర్గం క్రమంగా పోలిష్‌కి మారిపోయింది. లిథువేనియన్ నిలిచింది పల్లెల్లో, రైతుల నోట్లో. పల్లెల్లో నిలిచిన ఆ భాష కూడా మీరు పాఠ్యపుస్తకంలో చూస్తున్నంత శుభ్రంగా లేదు. సోమవారాన్ని పాతవాళ్లు పనెదేలిస్ అనేవారు, మంగళవారాన్ని ఉతర్నింకస్. రెండూ స్లావిక్ నుంచి, అంటే రష్యన్, పోలిష్‌ల కుటుంబం నుంచి వచ్చినవి. ఇప్పుడు పిర్మాదియెనిస్, అంత్రాదియెనిస్, అంటే మొదటి రోజు, రెండో రోజు. భాషావేత్త యోనస్ యబ్లోన్స్కిస్ లాంటివాళ్లు కూర్చుని ఇలాంటి మాటలు ఏరి పారేశారు. 1901లో వచ్చిన ఆయన వ్యాకరణమే నేటి ప్రామాణిక లిథువేనియన్‌కి పునాది. అంటే మీరు అచ్చమైనదని చూపిస్తున్నది శ్రద్ధగా శుభ్రం చేసిన భాష. అది గొప్ప పనే, నాకు గౌరవముంది. కానీ శుభ్రం చేసినదాన్ని కొలబద్దగా పెట్టి పక్కవాళ్లది కల్తీ అనడం న్యాయం కాదు.

ఆ తర్వాత కూడా మిగిలిన అరువు చూడండి. చర్చికి బజ్నీచా, బజ్నీట్సా. సంతకి తుర్గుస్, తిర్గుస్. రెండు భాషలూ స్లావుల దగ్గరే తెచ్చుకున్నాయి, ఇక్కడ అరువే వాటిని దగ్గర చేసింది. పుస్తకం మాత్రం ఇటు క్నీగా, అటు గ్రామతా. రెండూ స్లావిక్ మాటలే, ఎంచుకున్నది వేరు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ 'కుటుంబం'. లాట్వియన్‌లో కుటుంబానికి గ్యిమెనె. దౌగవ ఒడ్డు గారు చెప్పిన నియమం ప్రకారం 'ఇ' ముందు గకారం డ్జ అవ్వాలి. పుట్టడం అనే క్రియ అలాగే డ్జిమ్త్ అయింది. మరి గ్యిమెనెలో గ ఎందుకు మిగిలింది? ఎందుకంటే అది లిథువేనియన్ గిమినే నుంచి తర్వాత తెచ్చుకున్న మాట. లిథువేనియన్‌లో దాని అర్థం బంధువర్గం. వాళ్లు కుటుంబాన్ని షెయిమా అంటారు. ఆ షెయిమాకి తోబుట్టువైన సైమె లాట్వియన్‌లో ఉంది, ఒక ఇంట్లో కలిసి బతికే జనమంతా అని అర్థం. మీ లెక్క ప్రకారం అరువు తీసేస్తే లాట్వియన్ లిథువేనియన్‌కి దగ్గరవ్వాలి కదా. ఇక్కడ అరువు తీసేస్తే ఉన్న ఒక పోలిక పోతుంది.

ఓరుగల్లు పిల్ల

ఇది భలే ఉంది. నేను సేవ్ చేసి పెట్టుకున్న.

కౌనస్‌లో కోనసీమ

గ్యిమెనె సంగతి ఒప్పుకుంటాను. కానీ అది ఏరికోరి తెచ్చుకున్న ఒక్క మాట. ఉన్, స్తుందా, మెయితా లాంటివి రోజూ వాక్యం వాక్యానికీ తగిలేవి. అవి లేకపోతే ఇక్కడివాళ్లకి లాట్వియన్ సగమైనా అర్థమయ్యేదని ఇప్పటికీ అంటాను. ఇక్కడివాళ్లు లాట్వియన్లను ముద్దుగా 'బ్రాల్యుకై' అంటారు, తమ్ముళ్లన్నట్టు. ఆ పిలుపులో ఉన్నది లాట్వియన్ 'బ్రాలిస్', చివర తగిలించినది లిథువేనియన్ ప్రత్యయం.

దౌగవ ఒడ్డు

సరే, మీ 'ఇర్'నే తీసుకుందాం. లిథువేనియన్‌లో అది 'మరియు'. లాట్వియన్‌లోనూ ఇర్ ఉంది, 'ఉంది' అనే అర్థంలో. లిథువేనియన్ 'ఈరా'కి చుట్టం, అరువు కాదు. కౌనస్ నుంచి వచ్చినవాళ్లు రీగాలో ఏ వాక్యం చదివినా మొదట తడబడేది దీని దగ్గరే.

రీగాలో కిరాణా కొట్టుకి వెళ్లండి. పాలు, వెన్న, తేనె అడిగితే ఇస్తారు: పియెనస్-పియెన్స్, స్వియెస్తస్-స్వియెస్త్స్, మెదుస్-మెదుస్. రొట్టె అడిగితే దువోనా అన్న మాట ఇక్కడ పనికిరాదు, మైజె అనాలి. గుడ్డు అక్కడ క్యౌషినిస్, ఇక్కడ ఉవోలా. మైజె, ఉవోలా జర్మన్లు తెచ్చినవి కావు.

అడవికి వెళ్తే ఇంకా ఇబ్బంది. లిథువేనియన్‌లో ఎల్నియస్ అంటే దుప్పి, బ్రియెదిస్ అంటే మూస్, దుప్పి జాతిలోనే పెద్ద జంతువు. లాట్వియన్‌లో బ్రియెదిస్ అంటే దుప్పి, ఎల్నియస్‌కి చుట్టమైన అల్నిస్ అంటే మూస్. మాటలు అవే, జంతువులు తారుమారయ్యాయి. ఇందులో ఏ జర్మన్ మాట తీసేస్తే ఈ తేడా పోతుందో చెప్పండి.