హోంవర్క్ వాట్సాప్‌లో పంపడం ఆపాలా?

గుంటూరు_అమ్మ: మావాడు ఆరో తరగతి, ప్రైవేటు స్కూలు. రోజూ రాత్రి ఏడు దాటాక క్లాసు గ్రూపులో హోంవర్క్ పడుతుంది. "మేడం పెట్టారు, ఫోనియ్యి" అంటాడు. హోంవర్క్ చూడ్డానికి రెండు నిమిషాలు, ఆ తర్వాతంతా షార్ట్స్. కరోనాలో బళ్లు మూతపడ్డప్పుడే కేంద్రం ఆన్‌లైన్ క్లాసుల మీద ఇచ్చిన 'ప్రజ్ఞాత' మార్గదర్శకాల్లో (2020 జులై) 1–8 తరగతులకి రోజుకి రెండు సెషన్లే, ఒక్కోటి 30–45 నిమిషాలకి మించొద్దంది. ఇప్పుడు పొద్దంతా బడిలో కూర్చుని వచ్చినవాడికి మళ్లీ ఫోనెందుకు?

లెక్కల_మాస్టారు: అవి లైవ్ క్లాసులకి మేడం. మెసేజ్ చదవడం కూడా స్క్రీన్ టైం కింద లెక్కేస్తే ఎలా?

చిన్నా_బెజవాడ: షార్ట్స్ ఆపండి, హోంవర్క్ ఎందుకు ఆపడం?

గుంటూరు_అమ్మ: ఫోన్ చేతికివ్వకుండా ఎలా చూపించమంటారు?

లెక్కల_మాస్టారు: మీరే చూసి కాగితం మీద రాసివ్వండి. డైరీలున్నప్పుడు రోజుకొకడు "డైరీ పోయింది సార్" అనేవాడు. ఆమాటకొస్తే 2020 సెప్టెంబరు నుంచి తెలంగాణలో పాఠాలే టీవీలో వచ్చాయి, డీడీ యాదగిరి, టీశాట్ ఛానెళ్లలో. ఎవరూ చెడిపోలేదు.

వరంగల్_ఆటో: సార్, టీవీ ఇంట్ల ఉంటది. ఫోన్ నా జేబుల ఉంటది. నేను ఇల్లు చేరేసరికి పది దాటుతది, బిడ్డ పండుకుంటది. పొద్దుగాల లేపి రాయిస్తున్న. ఒకనాడు రాయకపోతే క్లాసు బయట నిలవెట్టిన్రు.

లెక్కల_మాస్టారు: టీచరుకి చెప్పాల్సింది.

వరంగల్_ఆటో: గ్రూపుల చెప్పుదామంటే అడ్మిన్లే రాసేటట్టు పెట్టిన్రు.

పల్నాడు_పులి: 2022 డిసెంబరులో ఏపీలో సర్కారు బడుల 8వ తరగతికి ట్యాబులు పంచారుగా. మా అక్క కొడుకు నెల తిరక్కుండా లాక్ తీసి గేములెక్కించాడు. ఎవరిమ్మన్నారు?

చిన్నా_బెజవాడ: వచ్చేశాయి రాజకీయాలు.

గుంటూరు_అమ్మ: "మీరే చూసి రాసివ్వండి" అన్నారే మాస్టారూ, నేను ఆఫీసు నుంచి వచ్చేది ఎనిమిదికి. ఒకపక్క కుక్కర్ పెట్టి, ఇంకోపక్క వాడి హోంవర్క్ ఎక్కించాలా? డైరీలో ఉన్నంతకాలం అది వాడిది. గ్రూపులోకి వచ్చాక నాదైంది. చెయ్యకపోతే "డియర్ పేరెంట్" అని మెసేజ్ నాకే వస్తుంది. వాడి కళ్ల సంగతి తర్వాత, ముందు నా సంగతి చెప్పండి!

లెక్కల_మాస్టారు: అలా అడగండి మరి, మధ్యలో ప్రజ్ఞాత ఎందుకు? మాకేమన్నా సరదానా? గ్రూపులో పడకపోతే మర్నాడు ప్రిన్సిపాల్ పిలుస్తాడు, ఫీజు కట్టినవాళ్లకి కనపడాలట. రాత్రి పదకొండుకి "నాలుగో లెక్క అర్థం కాలేదు సార్" అని పేరెంట్ల వాయిస్ మెసేజ్‌లు. నాకూ పిల్లలున్నారు. వాళ్లూ నా ఫోన్ కోసమే కాచుక్కూచుంటారు.

వరంగల్_ఆటో: ఆఖరి పీరియడ్ల బోర్డు మీద రాసి ఎక్కించుకోమంటే అయిపాయె గద సార్.

లెక్కల_మాస్టారు: రాస్తూనే ఉన్నా. గ్రూపులోనూ పెట్టాల్సిందే, అది నా చేతిలో లేదు.

గుంటూరు_అమ్మ: మావాడి స్కూల్లోనూ బోర్డు మీద రాస్తారట. ఎలాగూ గ్రూపులో వస్తుందిగా అని వీడే ఎక్కించుకోడు.